బర్మా టేకు బడి

చదువుకున్న బడిని కొన్న మొనగాడు మా ఊరి మొత్తం మీద నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు ఆ బళ్ళో చదివి డాక్టర్లయ్యారు, ప్లీడర్లయ్యారు, మిర్చి యార్డులో కమీషన్ కొట్లు పెట్టారు, ఒకరిద్దరు జైలుకి కూడా వెళ్ళొచ్చారు. కానీ తలుపులు, కిటికీలు, దూలాలు, పెంకులు, గోడలు, బెంచీలతో సహా బడిని మొత్తంగా కొనేసినవాడు ఇంకొకడు లేడు. అదీ అరగంటలో. అదీ చెప్పిన రేటు మీద ముప్పై వేలు తగ్గించి. బేరం ముగించుకుని స్కూటరెక్కినప్పుడు కలిగిన ఆనందం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. పెళ్ళి బేరం నాది కాదు లెండి, మా నాన్నది.

కొన్నది పాఠాలు చెప్పించటానికి కాదు. కూల్చటానికి.

మాది పాత కలప అడితి. ఎవరైనా పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకోవాలనుకుంటే మేం వెళ్ళి చూస్తాం. మొత్తానికి ఇంత అని గుత్తగా మాట్లాడుకుని, ఆ డబ్బు మేమే వాళ్ళకిచ్చి, మా మనుషుల్ని పెట్టి కూల్చి, సామానంతా అడితికి తోలుకుపోతాం. గుమ్మాలూ కిటికీలూ అమ్ముకోగా మిగిలేదే మా బువ్వ. ఎవరింటి ముందన్నా మా స్కూటరాగితే పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి "అమ్మేస్తున్నారా?" అని అడిగేది. అంత మంచి పేరు మాది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాన్నకి మోకాళ్ళు లొంగిపోయాయి. గల్లాపెట్టె ముందున్న పరుపు దిగాలనుకున్నాడు. ఎక్కాల్సినవాళ్ళం ఇద్దరం. కొడుకుని నేను. అక్క మొగుడు బావ. బావ పదేళ్ళుగా అడితిలోనే పనిచేస్తున్నాడు. మాట తక్కువ, తూకం సరిగ్గా ఉంటుంది. వ్యాపారస్తుడికి ఇంతకంటే పెద్ద లోపాలు ఏముంటాయని నా ఉద్దేశం.

ఒకరోజు పొద్దున్నే నాన్న మా ఇద్దరినీ పిలిచాడు.

"ఏరా, ఇన్నేళ్ళూ నేను బేరమాడుతుంటే నా పక్కన కూర్చుని తలూపావు. ఇప్పుడొక బేరం నీ అంతట నువ్వు చెయ్యి. పెద్దది చెయ్యి. నేను నోరు మెదపను. రూపాయి మిగిల్చావా, గల్లా తాళం నీది. మిగల్చకపోతే బావది."

బావ మేకులు తూస్తున్నవాడల్లా చెయ్యి ఆపాడు. "ఎందుకు మావయ్యా ఈ పందేలు? వాడు చిన్నవాడు" అన్నాడు. అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఆ మాటలో ఉన్న జాలికే నాకు ఒళ్ళు మండింది. పెద్ద బేరం కోసం ఊరంతా తిరగటం మొదలుపెట్టాను. తిరిగినవాణ్ణి తిన్నగా మా బడి దగ్గరే ఆగాను.

మా బడి చరిత్ర నాకు కంఠతా వచ్చు. రాకేం చేస్తుంది? ఆరో తరగతి నుంచి పది దాకా ఏటా వ్యవస్థాపకుల దినం నాడు పెద్ద హాల్లో, ఉక్కపోతలో కూర్చోబెట్టి వినిపించేవాళ్ళు. కరువు రోజుల్లో ఒక తెల్ల ఫాదరుగారు ఎడ్లబండి మీద ఈ నల్లరేగడి నేలకి వచ్చారట. వస్తూనే జ్వరంతో పడిపోయి, ఆ కలవరింతలోనే "ఇక్కడ మగపిల్లలకి బడి కట్టాలి" అన్నారట. ఏ భాషలో కలవరించారో, ఎవరికి అర్థమైందో మేం అడగలేదు. అడిగితే బెత్తం. ఆపైన తన దేశంలో వాటాకొచ్చిన ఆస్తి అమ్మి, రంగూన్ నుంచి ఓడ మీద టేకు దుంగలు తెప్పించి, ఈ బడికి దూలాలు ఎత్తించారట. కథ అక్కడికి రాగానే తెలుగు మాస్టారు చెయ్యి పైకెత్తేవాడు. మేమంతా తలలెత్తేవాళ్ళం. ఆకుపచ్చ రంగు వేసిన లావుపాటి దూలాలు, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"చూడండి నాయనా, బర్మా టేకు! ఈ ఊళ్ళో ఏ జమీందారు ఇంటికీ లేదు!"

మిగతా పిల్లలు భక్తిగా చూసేవాళ్ళేమో. నేను ఎన్ని ఘనపుటడుగులు ఉంటుందో లెక్క కట్టేవాణ్ణి. అడితివాడి కొడుకుని, ఏం చెయ్యమంటారు? ఆ బళ్ళో నేను శ్రద్ధగా చేసిన లెక్క అదొక్కటే. అదీ తప్పింది.

ఆ దూలాలకి వేలాడే ఫ్యాన్లు మా తండ్రులిచ్చినవి. ఇచ్చిన ప్రతివాడూ రెక్కల మీద ఎర్రరంగుతో పేరు రాయించుకున్నాడు. మా నాన్న మూడు రెక్కల మీదా రాయించాడు. తర్వాత ఒక మీటింగుకి వచ్చి పైకి చూసి హెడ్మాస్టరు ఫాదరుగారితో, "తిరుగుతుంటే పేరు కనపట్లేదండీ, నలుగురూ వచ్చినప్పుడు కాస్త ఆపి ఉంచండి" అన్నాడు. నిజంగానే ఆపేవాళ్ళు. షావుకార్ల పిల్లలం ఆ ఫ్యాన్ల కింద ముందు బెంచీల్లో కూర్చునేవాళ్ళం. ఊరవతల పల్లె నుంచి వచ్చే పిల్లలు వెనక, గోడవారన. ప్రభువు ముందు అందరూ సమానమేనని నీతి క్లాసులో చెప్పేవాళ్ళు. ఫ్యాను సంగతి ప్రభువు చెప్పలేదు కాబోలు.

అంతటి బడి తొంభైల చివర్లో ఎండిపోయింది. బ్రాడీపేటలో కోచింగు సెంటర్ల బోర్డులు చూసొచ్చిన తండ్రులందరికీ ఒక్కసారే జ్ఞానోదయమైంది: తెలుగు మీడియంలో చదివినవాడు ఎందుకూ పనికిరాడని. తాము చదివిందీ ఆ బళ్ళోనే. బహుశా అదే వాళ్ళకి రుజువుగా కనపడిందేమో. నేనూ నా కొడుకుని టై కట్టే బళ్ళో వేశాను. ఇంటికొచ్చి "డాడీ" అంటే మురిసిపోయాను. రిటైరైన పంతుళ్ళ చోట కొత్తవాళ్ళు రాలేదు. ఆఖరికి పిల్లలకంటే పావురాలు ఎక్కువయ్యాయి. పైన ఉండే ఫాదర్లు ఆలోచించి, ఆ స్థలాన్ని ఒక ఇంటర్ కాలేజీవాళ్ళకి లీజుకిచ్చారు. కాలేజీవాళ్ళకి కావల్సింది నేల. దాని మీదున్నది తీసేసి ఇమ్మన్నారు.

నేను వెళ్ళేసరికి ఆఖరి హెడ్మాస్టరు ఫాదరుగారు వరండాలో ఒక్కరే ఉన్నారు. తెనాలి వైపు మనిషి, బక్కపల్చగా ఉంటారు. నేను చదివిన రోజుల్లో ఆయన లేరు. అందుకని భయం లేదు.

మా వ్యాపారంలో కొనేవాడికి ఒక పద్ధతుంది. సరుకుని మెచ్చుకోకూడదు. తిట్టాలి. ఇంకా ముఖ్యం, దాని గురించి అడక్కూడదు. "ఇది టేకేనా?" అన్నావంటే నీ కన్ను దాని మీదుందని అమ్మేవాడికి తెలిసిపోతుంది, రేటు ఎక్కి కూర్చుంటుంది. మంచి సరుకైతే మరీ తిట్టాలి. మా నాన్న చందనం చెక్కని కూడా వంటచెరుకని నిరూపించగలడు.

ముఖం చిట్లించి పైకి చూశాను.

"ఏముంది ఫాదర్ గారూ ఇందులో? గోడలు చూస్తే మట్టి. పెంకులు సగం పగిలాయి. దూలాలు చూడబోతే తాటివి. కూల్చే కూలి కూడా గిట్టదు."

"అవునండీ" అన్నారాయన. "గోడల్లో ఉన్నది మట్టే. దూలాలూ తాటివే."

లోపల్లోపల ఎంత నవ్వుకున్నానో! నేను తిడితే ఆయన పొగడాలి. నేను తాడి అంటే ఆయన టేకు అని గుండె బాదుకోవాలి. అప్పుడు ఇద్దరం మధ్యలో ఎక్కడో కలుస్తాం. ఈయన నా తిట్టుకే సరేనంటున్నాడు. పాపం, జపమాల తిప్పుకునే మనిషి, నెత్తి మీద ఏముందో తెలీదు అనుకున్నాను.

"మరి తాటి దూలాలకి రెండు లక్షల పదివేలు ఎట్లా అడుగుతారండీ?"

"నేను అడగట్లేదండీ. పైవాళ్ళు ఆ రేటు చెప్పమన్నారు. మీకు గిట్టేదేదో చెప్పండి, అడిగి చూస్తాను. కానీ కొనేముందు ఎక్కి చూసుకోండి. వంటింటి వెనక నిచ్చెనుంది."

నిచ్చెన! ఎక్కానంటే నా ఆశంతా బయటపడదూ? "తాటి దుంగలకి నిచ్చెన ఎందుకు లెండి" అన్నాను, దర్జాగా. ఆయన మంచినీళ్ళు తేవటానికి లోపలికెళ్ళినప్పుడు మాత్రం స్కూటరు తాళంచెవితో గుమ్మాన్ని గోకాను. రంగు కింద బంగారం లాంటి టేకు. వాసన కూడా చూశాను. గుమ్మం టేకైనప్పుడు దూలం టేకు కాక చస్తుందా? పైగా చిన్నప్పటి నుంచీ విన్న చరిత్ర ఉండనే ఉంది.

లక్షా ఎనభైకి తెగ్గొట్టాను. ఫాదరుగారు పైవాళ్ళకి ఫోను చేసి, సరేనన్నారని చెప్పి, "ఇంకోసారి చూసుకోండి బాబూ, తర్వాత మీరు బాధపడకూడదు" అన్నారు. నేను బయానా ఆయన చేతిలో పెట్టి, "వ్యాపారస్తుడి మాట ఒకటే ఫాదర్ గారూ" అన్నాను. ఒక్కసారి బయానా చేతులు మారాక వెనక్కి తిరగటం మాలో లేదు. అమ్మేవాడు మనసు మార్చుకోకుండా ఆ కట్టుబాటు నన్ను కాపాడుతుందని నా సంబరం.

వేసవిలో పని మొదలుపెట్టించాను. ముందు పెంకులు దించారు. తర్వాత దూలాలకి చుట్టూ కొట్టిన పలకలు ఊడదీయటం మొదలెట్టారు. దూలానికి పలకల తొడుగు ఎందుకన్న అనుమానం అప్పటికీ రాలేదు నాకు. అంత ఖరీదైన సరుకుకి చొక్కా తొడిగారనుకున్నాను. నేను కింద గొడుగేసుకుని కుర్చీలో కూర్చున్నాను. పైనుంచి మేస్త్రి కేకేశాడు.

"చిన్న షావుకారూ! తొడుగు తీశానండీ!"

"ఊఁ."

"ఓసారి పైకొస్తారా?"

"ఏంట్రా, అక్కణ్ణుంచే చెప్పు."

"మీరే రండి. ఇది అరిచి చెప్పేది కాదు."

వంటింటి వెనక నుంచి నిచ్చెన తెప్పించుకుని ఎక్కాను. పలకల చాటున నల్లటి దుంగ, ఒళ్ళంతా ఈనెలు తేలి ఉంది. గోకక్కర్లేదు, వాసన చూడక్కర్లేదు. తాటిచెట్టుని గుర్తుపట్టటానికి అడితి అక్కర్లేదు.

"మంచి చేవున్న తాడేనండీ" అన్నాడు మేస్త్రి, ఓదార్పుగా. "తాళ్ళలో ఇంత మంచివి ఈ రోజుల్లో దొరకవు."

"అన్నీ ఇంతేనా?"

"ఊడదీసినవన్నీ ఇంతే. మిగతావి వేరే జాతివై ఉంటాయంటారా?"

గోడలు కూడా నేను తిట్టినట్టే ఉన్నాయి. రెండు పక్కలా ఇటుక, నడుమంతా మట్టి. పైకి గట్టిగా, లోపల గుల్లగా. ఆ బడి మమ్మల్ని తన పోలికనే పెంచిందన్నమాట.

మధ్యాహ్నం బావ క్యారియరు పట్టుకొచ్చాడు. నేల మీద పరిచిన దుంగల్ని చూశాడు. వంగి ఒకదాన్ని తట్టాడు. తిడతాడేమో, కనీసం నవ్వుతాడేమోనని ఎదురుచూశాను.

"ముందు అన్నం తిను" అన్నాడు.

ఆ అన్నం దిగటం కంటే తాటి దూలం మింగటం తేలిక.

బడి పడగొడుతున్నారని తెలియగానే పూర్వ విద్యార్థులు దిగారు. బడి బతికుండగా ఒక్క సుద్దముక్క కొనివ్వనివాళ్ళు, పిల్లల్ని టై బడికి పంపినవాళ్ళు, కార్లు దిగి కళ్ళు తుడుచుకున్నారు. నాతో పది చదివి ప్లీడరైనవాడొకడు కూలిన గోడ ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేశాడు.

"ఒరేయ్, నేను కూర్చున్న బెంచీ కావాలిరా. ఇంట్లో హాల్లో పెట్టుకుంటా. సెంటిమెంటు."

"తీసుకో. ఎనిమిది వందలు."

"నా దగ్గర డబ్బులు తీసుకుంటావట్రా? మన బడిరా ఇది!"

"మన బడి కాదు, నా బడి. లక్షా ఎనభై పోశాను."

"ఛీ, నువ్వు మారలేదురా. అప్పుడూ పెన్సిలు అరువిస్తే ముక్క తగ్గించి ఇచ్చేవాడివి." అని, రెండొందలిస్తానన్నాడు. సెంటిమెంటు వెల అది. మూడొందలకి తెగింది. డ్రైవరు చేత కారు మీదికెత్తించుకుంటూ, "కాళ్ళు కదుల్తున్నాయి, ఇంకో యాభై తగ్గించు" అన్నాడు. మా బడి ఏం నేర్పిందో తెలీదు కానీ ఇది మాత్రం అందరికీ వచ్చింది.

పల్లె నుంచి కూడా నలుగురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఒక దుంగ పక్కన నిలబడి "ఇవి రెండూ ఎంతకిస్తారు బాబూ? ప్రార్థన పందిరికి స్తంభాలేస్తాం" అని అడిగాడు. నేను అలవాటు కొద్దీ రెట్టింపు చెప్పాను. వాళ్ళు బేరమాడలేదు. అక్కడికక్కడే డబ్బిచ్చి, దుంగల్ని భుజాల మీద మోసుకుపోయారు. బేరమాడనివాణ్ణి చూస్తే నాకు భయం. వాడికి సరుకు విలువ నాకంటే బాగా తెలుసన్నమాట.

ఆ భయంతోనో, ఒళ్ళుమంటతోనో, సాయంత్రం ఫాదరుగారి గదికెళ్ళాను.

"ఇన్నేళ్ళూ బర్మా టేకని చెప్పారు గదండీ!"

"తాటివని నేను మీతో చెప్పాను గదండీ."

"అది బేరం. నేను అడిగేది చరిత్ర!"

ఆయన నవ్వాపుకోలేకపోయారు. తర్వాత కూర్చోమని అసలు సంగతి చెప్పారు. తనకంటే ముందున్న ముసలి ఫాదర్ల నోట విన్నదట. తెల్ల ఫాదరు దగ్గర అమ్మటానికి ఆస్తీ లేదు, ఓడా లేదు. పల్లెవాళ్ళే ఇంటికో తాడి కొట్టి ఇచ్చారు, మట్టి తొక్కి గోడలు పెట్టారు. వాళ్ళ పిల్లల కోసం కట్టుకున్న బడి అది. తర్వాత హైస్కూలయ్యాక ఊళ్ళో షావుకార్లు తమ పిల్లల్ని పంపుదామనుకున్నారు. కానీ తాటిదూలాల కింద, మట్టిగోడల మధ్య తమ పిల్లల్ని ఎట్లా కూర్చోబెడతామన్నారు. గుమ్మాలకి టేకు వాళ్ళే ఇచ్చారు. గోడలకి ఇటుక, దూలాలకి పలకల తొడుగు కూడా వాళ్ళ చందాలే.

"తొడుగు వేశాక లోపల ఏముందో చెప్పాలి గదండీ నలుగురికీ. అప్పటి హెడ్మాస్టరుకి రంగూన్ తోచింది" అన్నారాయన. "మీ తాతగారు కూడా చందా ఇచ్చారేమో, ఇంట్లో కనుక్కోండి."

కనుక్కోలేదు. కొన్ని సరుకులు గోకి చూడకపోవటమే మంచిది.

తాటి దుంగలకి డాబాల కాలంలో గిరాకీ ఎక్కడిది? కొన్ని గొడ్ల పాకలకి పోయాయి. మిగిలినవి లారీకెత్తించి పొదిలి వైపు పొగాకు బ్యారన్లకి పొయ్యికర్రగా తోలాను. మా బడి చరిత్ర అక్కడ పొగాకుని పండబెట్టింది. పిల్లల్ని పండబెట్టిన దానికంటే బాగానే పండబెట్టి ఉంటుంది.

స్థలం ఖాళీ చేసి అప్పగించిన రోజు నాన్న అడితిలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. బావ లోపలెక్కడో కిటికీలు సర్దుతున్న చప్పుడవుతోంది.

"దూలాలు తాటివని ఫాదరు చెప్పాడా లేదా?"

"చెప్పాడు."

"ఎక్కి చూసుకోమన్నాడా?"

"నిచ్చెన కూడా చూపించాడు."

"మరి?"

"అమ్మేవాడు నిజం చెప్తాడని ఎట్లా అనుకుంటాను నాన్నా?"

తిడతాడనుకున్నాను. "నీకు పాఠం చెప్పినవాణ్ణి నేనే గదరా" అన్నాడు నాన్న, మోకాలు రుద్దుకుంటూ. ఆ ఒక్కమాటకి నేను సిద్ధంగా లేను.

ఆ తర్వాత ఇద్దరం కలిసి లెక్క కట్టాం. బడికి పోసింది లక్షా ఎనభై వేలు. కూలీలకి, లారీలకి అరవై వేలు. వెరసి రెండు లక్షల నలభై. వచ్చింది చూస్తే టేకు గుమ్మాలు, కిటికీల మీద తొంభై రెండు వేలు. ఇటుక మీద ఇరవై నాలుగు, పెంకుల మీద ఇరవై, ఇనప ఊచల మీద పది. బెంచీలన్నిటి మీదా తొమ్మిది. తాటి దుంగల మీద పదిహేను, పల్లెవాళ్ళ దగ్గర రెట్టింపు పుచ్చుకున్నది కూడా అందులోనే కలిసింది. మొత్తం లక్షా డెబ్భై వేలు.

నష్టం డెబ్భై వేలు. ఫాదరుగారి మోసం కింద ఎంతో కొంత చూపిద్దామని అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క రూపాయి కూడా ఆయన వైపు వెయ్యటానికి కుదరలేదు. డెబ్భై వేలూ నావే. గల్లా తాళం బావది.